డాంగిల్ జాగా మార్చండి, తరువాత మౌస్‌ను తిట్టండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వైర్‌లెస్ మౌస్ మీద ఫిర్యాదులే. తిరుపతి తిలక్ రోడ్డు పక్క సందులో కంప్యూటర్లు బాగుచేసుకుని బతికేవాణ్ణి కాబట్టి నాకీ గోడు కొత్త కాదు. షాపుకొచ్చే మౌస్‌లలో చాలావాటికి స్క్రూడ్రైవర్ తీసే అవసరమే రాదు. సెల్లు మార్చి, డాంగిల్‌ను (మౌస్ మాటలు అందుకోవడానికి కంప్యూటర్‌కు గుచ్చే చిన్న యూఎస్‌బీ ముక్క) ఇంకో చోట గుచ్చి, చివరికి మౌస్‌నే ఇంకో కంప్యూటర్‌కు పెట్టి చూస్తే జబ్బు ఎక్కడుందో బయటపడుతుంది. ఆ కాస్త ఓపిక లేక నాలుగైదు వందలు పెట్టి కొత్తది కొని, అదీ అట్లాగే చేస్తోందని వచ్చేవాళ్లు జాస్తి. ఉత్తరాలకు పోదాం.

ప్రశ్న: అన్నా, నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. 300 రూపాయల దర్శనం టికెట్ల కోటా వదిలే రోజు పొద్దున 10 గంటలకు జనం కౌంటర్ మీద పడతారు. సరిగ్గా అప్పుడే మౌస్ బాణం ఆగి ఆగి ఎగురుతుంది. పేరు గడిలో నొక్కబోతే వయసు గడిలో పడుతుంది. సాయంత్రం అయితే ఏ ఇబ్బందీ లేదు. కొత్త సెల్లు వేశాను. మౌస్ కూడా మార్చాను. అదే కథ. కస్టమర్ల ఆధార్ కాపీలు, ఫొటోలు అన్నీ ఒక హార్డ్ డిస్క్‌లో పెట్టుకుంటాను. పొద్దున దాన్ని సీపీయూకు తగిలిస్తే మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటుంది. డాంగిల్ దాని పక్కనే ఉంది. ఆ పది గంటల టెన్షన్ తట్టుకోలేకపోతున్నాను. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అమ్మా, మౌస్ మార్చినా అదే కథ అన్నారు చూడండి, సగం జవాబు అక్కడే ఉంది. రెండు వేర్వేరు మౌస్‌లు ఒకే వేళకు ఒకే రకంగా పాడవవు. తప్పు మౌస్‌లో లేదు, దాని చుట్టుపక్కల ఉంది. మిగతా సగం కూడా మీరే రాసిచ్చారు: ఆ హార్డ్ డిస్క్.

ముందు ఒకటి తేల్చుకోండి. ఆగుతున్నది బాణమా, పేజీనా? బాణం ఎటు తిప్పితే అటు హాయిగా తిరుగుతూ, బటన్ నొక్కితే మాత్రం ఏమీ జరగకపోతే మౌస్ జోలికి వెళ్లకండి. పేజీ ఇంకా తెరుచుకోలేదని అర్థం. ఆ వేళకు దేశం నలుమూలల నుంచీ అదే పేజీ కోసం జనం కాచుకుని ఉంటారు. బాణమే ఎగిరి పడుతుంటే మాత్రం నేను చెప్పబోయేది మీ కోసమే.

మీ మౌస్ డాంగిల్‌తో 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరి రేడియో తరంగాలతో మాట్లాడుతుంది. వైఫై, బ్లూటూత్ కూడా అక్కడే ఉంటాయి. లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు కాబట్టి అందరూ అక్కడికే చేరారు. ఇక మీ హార్డ్ డిస్క్. అది యూఎస్‌బీ 3.0 రకం అయితే దాని వైర్లలో సమాచారం సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో పరిగెత్తుతుంది. ఆ పరుగులో వైరు నుంచి, పోర్టు నుంచి రేడియో రొద బయటికి పొక్కుతుంది. అది 2.4 గిగాహెర్ట్జ్ మీద కూడా పడుతుంది. ఇంటెల్ కంపెనీ 2012లోనే దీన్ని కొలిచి ఒక పత్రం వేసింది. యూఎస్‌బీ 3.0 డిస్క్ పక్కన ఆ రొద దాదాపు 20 డెసిబెల్స్ పెరుగుతుందని అందులో చూపించారు. 20 డెసిబెల్స్ అంటే వంద రెట్లు. మౌస్ పంపేదేమో చాలా బలహీనమైన సిగ్నల్. పెళ్లి మేళం పక్కన నిలబడి ఫోన్ మాట్లాడితే అవతలి మాటలు సగం వినపడనట్టు, డాంగిల్‌కు మౌస్ మాటల్లో కొన్ని అందవు. అందని చోట బాణం ఆగుతుంది, అందగానే ఎగురుతుంది.

దీన్ని పరీక్షించడానికి రూపాయి ఖర్చు లేదు. బాణం ఎగురుతున్నప్పుడే హార్డ్ డిస్క్‌ను పద్ధతిగా ఎజెక్ట్ చేసి వైరు ఊడదీయండి. మౌస్ వెంటనే దారికొస్తే దొంగ దొరికినట్టే.

ఇప్పుడు మందు. సీపీయూ డబ్బా వెనక డాంగిల్ గుచ్చడం మన ఊళ్లో అందరికీ ఉన్న అలవాటు. ముందుంటే ఎవరైనా పీకేస్తారని భయం. కానీ వెనక అంటే ఏముంది? టేబుల్ కింద ఇనుప డబ్బా, దాని వెనక గోడ, పక్కనే హార్డ్ డిస్క్ వైరు, పైన చిక్కుపడిన పవర్ కేబుళ్లు. మౌస్‌కూ డాంగిల్‌కూ మధ్య ఆ ఇనుప రేకు అడ్డం. కొట్లో ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు అడగండి, మీటరు పొడవుది చాలు. ఒక కొన సీపీయూకు పెట్టి, రెండో కొనలో డాంగిల్ గుచ్చి, దాన్ని టేబుల్ మీద మౌస్ ప్యాడ్‌కు జానెడు దూరంలో టేపుతో అతికించండి. ఎవరైనా పీకేస్తారన్న భయం ఉంటే మానిటర్ స్టాండు వెనక అతికించండి, అక్కడైనా నయమే. సీపీయూకు పెట్టే కొనను నలుపు లేదా తెలుపు నాలుక ఉన్న యూఎస్‌బీ 2.0 పోర్టులో పెట్టండి. నీలం నాలుక, లేదా పక్కన రెండు ఎస్‌లు ఉంటే అది 3.0 పోర్టు. దాన్ని హార్డ్ డిస్క్‌కు వదిలేయండి. అన్ని కంపెనీలూ ఈ రంగులు పాటించవు కాబట్టి గుర్తు కూడా చూసుకోండి.

వైఫై రూటర్ అదే టేబుల్ మీద ఉంటే దాన్ని రవంత దూరం జరిపి గోడకు ఎక్కించండి. రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ కూడా వస్తుంటే కంప్యూటర్‌ను దానికే కలపండి, మౌస్‌కు దారి ఖాళీ అవుతుంది.

ఇంకో మాట, మీకు నచ్చకపోవచ్చు. పది గంటల టికెట్ పనికి వైరు మౌస్ పెట్టుకోండి. దానికి రేడియో గొడవ లేదు, సెల్లు అయిపోయే భయం లేదు. వైర్‌లెస్ మౌస్ ఇంట్లో మంచం మీద కూర్చుని చూసుకునేవాళ్లకు సుఖం. కౌంటర్ ముందు జనాన్ని నిలబెట్టుకుని పనిచేసేవాళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. అట్లాగే కస్టమర్ల ఆధార్ కాపీలు డిస్క్‌లో పోగేసుకోవడం మంచిది కాదమ్మా. పని అయ్యాక చెరిపేయండి. మౌస్ గురించి అడిగితే ఇదెందుకు చెప్పారంటారా? ఆ డిస్క్ రేపు రిపేరుకొచ్చేది నాలాంటివాడి చేతికే.

ప్రశ్న: సార్, మామిడి మండీలో లెక్కలు రాస్తుంటాను. తోతాపురి సీజన్లో రోజంతా తూకం చీటీలు ఎక్కించాలి. నా మౌస్ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది. ఒక చీటీ రెండు చీటీలవుతోంది. ఫైలు పట్టుకుని లాగితే మధ్యలో జారిపోతోంది. డబుల్ క్లిక్ స్పీడ్ తగ్గించమని ఒకాయన, పెంచమని ఇంకొకాయన చెప్పారు. రెండూ చేశాను. లాభం లేదు.
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఒక చీటీ రెండు కావడం మండీలో చిన్న విషయం కాదు. రైతుకు తెలిస్తే మౌస్ తప్పంటే నమ్ముతాడా? అందుకని మౌస్ సంగతి తేలేదాకా రోజూ సాయంత్రం మొత్తాన్ని తూకం పుస్తకంతో సరిచూసుకోండి.

మీకు సలహా ఇచ్చిన ఇద్దరిదీ ఒకటే పొరపాటు. విండోస్‌లో ఆ స్పీడ్ అంటే రెండు నొక్కుళ్ల మధ్య ఎంత వ్యవధి ఉంటే డబుల్ క్లిక్‌గా లెక్కేయాలనే హద్దు. మామూలుగా అది 500 మిల్లీసెకన్లు, ఎంత కుదించినా 200. మీ మౌస్ పుట్టించే దొంగ క్లిక్ అసలు క్లిక్ వెనకే కొద్ది మిల్లీసెకన్లలో వచ్చేస్తుంది. హద్దు ఎక్కడ పెట్టినా అది లోపలే ఉంటుంది.

మౌస్ ఎడమ బటన్ కింద కందిగింజ కంటే కాస్త పెద్ద నల్ల డబ్బా ఒకటి ఉంటుంది. మైక్రోస్విచ్ అంటాం. దాని నెత్తిన చిన్న బుడిపె, తెల్లగానో ఎర్రగానో. మూత ఊడదీస్తే లోపల వెంట్రుకంత పలచని రాగి రేకు, మధ్యలో విల్లులా వంగి ఉంటుంది. మీరు బటన్ నొక్కినప్పుడు ఆ రేకు కొన టప్‌మని కిందపడి ఇంకో లోహపు చుక్కను తాకుతుంది, వదిలితే లేస్తుంది. ‘టిక్’ అనే చప్పుడు దానిదే. కొత్తప్పుడు కూడా అది తాకగానే ఒకటి రెండు సార్లు అదురుతుంది. ఆ అదురును లెక్కలోకి తీసుకోకుండా మౌస్‌లోని చిప్ కొన్ని మిల్లీసెకన్లు ఆగి చూస్తుంది. లక్షల నొక్కుళ్ల తరువాత రేకులో పట్టు తగ్గుతుంది, తాకే చోట నల్లటి పొర పేరుకుంటుంది. వైర్‌లెస్ మౌస్‌లో సెల్లు మిగల్చడానికి కరెంటు చాలా తక్కువ పారుతుంది. ఆ కాస్త కరెంటు ఆ పొరను కాల్చి శుభ్రం చేసుకోలేదు. అప్పుడు అదురు ఎక్కువసేపు సాగుతుంది, చిప్ దాన్ని రెండో క్లిక్ అనుకుంటుంది. ఫైలు లాగుతుంటే జారిపోవడమూ ఇందువల్లే. మీరు నొక్కే ఉన్నా రేకు క్షణకాలం విడిపోతుంది.

అయినా ముందు సెట్టింగ్ తప్పేమీ లేదని తేల్చుకోండి. ఫోల్డర్లు ఒకే నొక్కుకు తెరుచుకునేలా పెట్టి ఉంటే అదీ ఇట్లాగే అనిపిస్తుంది. అది కాదనుకున్నాక, మౌస్ సెట్టింగ్స్‌లో ప్రైమరీ బటన్‌ను కుడికి మార్చండి. ఇప్పుడు కుడివేలితో చీటీలు ఎక్కించి చూడండి. ఒక్కొక్కటే పడితే ఎడమ స్విచ్ అరిగిందని తేలిపోయినట్టే. సీజన్ అయ్యేదాకా అట్లాగే కుడివేలితో నెట్టుకు రావచ్చు కూడా. రెండు రోజులు చిరాకుగా ఉంటుంది, తరువాత వేలే అలవాటు పడుతుంది.

బాగుచేయించాలంటే, ముందు బిల్లు తీసి వారంటీ తేదీ చూడండి. వారంటీ ఉంటే మౌస్ విప్పకండి. లేకపోతే టంకం వేయడం వచ్చినవాడి చేత ఆ స్విచ్ మార్పించవచ్చు. మూడు కాళ్లు ఊడదీసి మూడు కాళ్లు అతికించే పని. స్విచ్ ఖరీదు పదుల రూపాయల్లోనే ఉంటుంది. చేతికూలీ కలిపితే చవక మౌస్‌కు గిట్టుబాటు కాదు, మంచి మౌస్ అయితే తప్పకుండా చేయించండి. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొడితే కొన్నాళ్లు సర్దుకుంటుంది, మళ్లీ మొదలవుతుంది. తలుపు బందులకు కొట్టే నూనె మాత్రం అందులో పోయకండి. దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

ప్రశ్న: నాయనా, పదవీ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణి. మా అబ్బాయి ల్యాప్‌టాప్, వైర్‌లెస్ మౌస్ కొనిచ్చాడు. మా రాత బల్లకు పైన అద్దం ఉంది. దాని మీద మౌస్ కదిపితే బాణం కదలదు. పక్కన వార్తాపత్రిక వేస్తే కదులుతుంది. ఇది లోపమా?
— ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: అయ్యవారికి నమస్కారం. లోపం మౌస్‌లో లేదండి, అద్దంలో ఉంది. మౌస్‌ను తిరగేసి చూడండి. చిన్న గుంటలో ఒక కన్ను కనిపిస్తుంది. అది అతి చిన్న కెమెరా. పక్కనుండే దీపం వెలుగులో కింది ఉపరితలాన్ని సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీసి, ఒకదానితో ఒకటి పోల్చి, మీరు ఎటు కదిపారో లెక్కగడుతుంది. మనకు నున్నగా కనిపించే కాగితం దానికి గుట్టలూ మిట్టలుగా కనిపిస్తుంది. స్వచ్ఛమైన అద్దంలో దానికి పోల్చుకోవడానికి ఏమీ దొరకదు. అద్దం మీద కూడా పనిచేసే ఖరీదైన మౌస్‌లు ఉన్నాయి గానీ మీరు ఆ ఖర్చు పెట్టుకోనక్కర్లేదు. పాత రికార్డు పుస్తకం అట్ట ఒకటి వేసుకోండి. వార్తాపత్రిక వద్దు, ముడతలు పడుతుంది, సిరా మౌస్ కాళ్లకు అంటుకుంటుంది. పెళ్లి పత్రికల అట్టలూ పనికొస్తాయి, వెనకవైపు వాడండి. ముందువైపు మెరుపు ఎక్కువ, పైగా దేవుడి బొమ్మ ఉంటుంది.

అట్ట మీద కూడా బాణం వణికితే ఆ కన్నులో వెంట్రుకో నూగో చిక్కుకుని ఉంటుంది. చెవికి వాడే దూది పుల్లతో మెల్లగా తుడవండి. నోటితో ఊదకండి, తడి పడుతుంది.

ప్రశ్న: హాస్టల్ గది సర్దుతుంటే నా మౌస్ డాంగిల్ పోయింది. డాంగిల్ ఒక్కటే ఎక్కడైనా దొరుకుతుందా అన్నా?
— ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: ముందు మౌస్ కింద సెల్లు మూత తెరిచి చూడమ్మా. అక్కడ డాంగిల్ దాచుకునే గాడి ఉంటుంది. పోయిందని ఏడ్చి, కొత్తది కొన్నాక అందులో దొరికినవాళ్లు బోలెడుమంది. అక్కడా లేకపోతే మౌస్ అడుగున గుర్తులు చూడు. లాజిటెక్ వాళ్ల నారింజ రంగు గుర్తు, అంటే యూనిఫయింగ్ రకం అయితే అదే రకం రిసీవర్, అంటే డాంగిల్, విడిగా కొని, వాళ్ల సాఫ్ట్‌వేర్‌తో జతచేసుకోవచ్చు. ఒక్క రిసీవర్‌కు ఆరు పరికరాల దాకా కలుస్తాయి. 2021లో వచ్చిన బోల్ట్ రకం వేరు, దానికీ దీనికీ పొసగదు. కొనేముందు పేరు సరిచూసుకో. బ్లూటూత్ గుర్తు ఉంటే డాంగిల్‌తో పనే లేదు, అడుగున ఉన్న బటన్ కాసేపు నొక్కిపట్టి ల్యాప్‌టాప్ బ్లూటూత్‌తో కలుపుకో. ఈ రెండూ లేని చవక మౌస్ అయితే ఆశ వదులుకోవాల్సిందే. ఫ్యాక్టరీలో దేనికి దాన్నే జతకట్టి పంపుతారు. స్నేహితురాలి డాంగిల్ పెట్టినా పలకదు.

ప్రశ్న: కొత్త సెల్లు వేసిన కొద్దిరోజులకే మౌస్ చచ్చిపోతోంది. రీచార్జి సెల్లు వేయవచ్చా?
— ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: వేయవచ్చు. రీచార్జి సెల్లు 1.2 వోల్టులు, మామూలువి 1.5. చాలా మౌస్‌లు రెంటితోనూ నడుస్తాయి. చార్జింగ్ శాతం మాత్రం తక్కువ చూపిస్తుంది, భయపడకండి. మీరు కిళ్లీ కొట్లో గోడ గడియారానికి అమ్మే చవక సెల్లు వేస్తున్నారేమో చూసుకోండి. ఆల్కలైన్ అని రాసి ఉన్నవి వేయండి. రెండు సెల్లు పట్టే మౌస్ అయితే పాతదీ కొత్తదీ కలపకండి.

ఇంకో అనుమానం. మౌస్‌ను స్విచ్ ఆపకుండా సంచిలో వేసుకుని రోజూ బస్సెక్కుతున్నారా? కదిలినప్పుడల్లా అది నిద్ర లేస్తుంది. మన రోడ్ల మీద దానికి నిద్రెక్కడిది? అడుగున స్విచ్ ఉంది, ఆపి పెట్టుకోండి. నెలల తరబడి వాడకపోతే సెల్లు తీసేయండి. కారితే లోపలి స్ప్రింగు తినేస్తుంది. ఆల్కలైన్ సెల్లు కారి తెల్లపొడి కట్టి ఉంటే దూది పుల్లను వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో ముంచి తుడిచి, ఆ తరువాత తడిబట్టతో తుడిచి, బాగా ఆరనివ్వండి. ఆ పొడి కళ్లకు, చర్మానికి తగలకూడదు.

ప్రశ్న: కాసేపు వాడకుండా ఉంటే మౌస్ నిద్రపోతుంది. ఎంత కదిపినా లేవదు. డాంగిల్ తీసి పెడితేనే వస్తుంది. ల్యాప్‌టాప్‌లో విండోస్ 11.
— ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: డాంగిల్ తీసి పెడితే వస్తోందంటే ల్యాప్‌టాప్ కరెంటు మిగల్చడానికి ఆ పోర్టును ఆపేస్తోందని అనుమానించాలి. డివైస్ మేనేజర్ తెరిచి, యూఎస్‌బీ రూట్ హబ్ అని ఉన్నదాని మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి పోండి. పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో కరెంటు మిగల్చడానికి ఈ పరికరాన్ని ఆపేయొచ్చు అనే అర్థం వచ్చే టిక్ ఉంటుంది, తీసేయండి. రెండు మూడు హబ్‌లు కనిపిస్తే అన్నింటికీ చేయండి. అప్పటికీ లేవకపోతే డాంగిల్‌ను ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. అక్కడా అంతే అయితే జబ్బు మౌస్‌దే.

ప్రశ్న: పని మధ్యలో మౌస్ పూర్తిగా ఆగిపోతే, సేవ్ చేసుకుని బయటపడే దారి ఏది? పవర్ బటన్ నొక్కిపడుతున్నాను.
— ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: పవర్ బటన్ నొక్కిపట్టడం ఆఖరి మాట, దానికి చాలా ముందు కీబోర్డు ఉంది. కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే ఫైలు సేవ్ అవుతుంది. ఆల్ట్, ఎఫ్4 కలిపితే తెరిచి ఉన్నది మూసుకుంటుంది. విండోస్ బటన్, ఎక్స్ కలిపి నొక్కి వదిలి, తరువాత యూ, మళ్లీ యూ కొడితే కంప్యూటర్ పద్ధతిగా ఆగుతుంది.

బాణమే కావాలంటే దానికీ దారి ఉంది, చాలామందికి తెలియదు. ఎడమవైపు ఆల్ట్, ఎడమవైపు షిఫ్ట్, నమ్ లాక్ మూడూ కలిపి నొక్కండి. మౌస్ కీస్ పెట్టమంటారా అని అడుగుతుంది, ఎంటర్ కొట్టండి. ఇక కుడివైపు అంకెల్లో 8 నొక్కితే బాణం పైకి, 2 నొక్కితే కిందికి, 4 ఎడమకు, 6 కుడికి పోతుంది. 5 నొక్కితే క్లిక్, కూడిక గుర్తు నొక్కితే డబుల్ క్లిక్. నెమ్మదిగానే కదులుతుంది గానీ సగంలో ఉన్న ఫారం నింపి పంపడానికి సరిపోతుంది. అంకెల గడులు విడిగా లేని చిన్న ల్యాప్‌టాప్‌లో ఇది కుదరదు. దానికి టచ్‌ప్యాడ్ ఉండనే ఉంది. అదీ పలకకపోతే పై వరుసలో టచ్‌ప్యాడ్ బొమ్మ ఉన్న బటన్‌ను ఎవరో నొక్కి ఉంటారు, ఎఫ్ఎన్‌తో కలిపి మళ్లీ నొక్కండి.